పిల్లలతో వినోదయాత్ర: సంచులకు కాపలా ఎవరు?

2019 ఫిబ్రవరిలో మా మూడు కుటుంబాలవారం కలిసి హైదరాబాదు బయలుదేరాము. బాపట్ల నుంచి పెద్దక్క, బావగారు, వారి ఇద్దరు పిల్లలు; తెనాలి నుంచి మేమిద్దరం, మా పిల్లలిద్దరు; రేపల్లె నుంచి తమ్ముడు, మరదలు, వారి పాప, వారి దగ్గరే ఉంటున్న మా అమ్మ. మొత్తం పన్నెండుమందిమి. అంతవరకు మా పిల్లలకు తెలిసిన వినోదమల్లా ఊళ్ళో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు ఎక్కే రంగులరాట్నం, సెలవుల్లో ఒక పూట సూర్యలంక సముద్రం. బడిలో తోటి పిల్లలు చెప్పుకోగా విని, "మనమెప్పుడు వెళ్తాం?" అని రెండేళ్ళుగా అడుగుతున్నారు. చివరకు అమ్మే గేదెపాలు అమ్మి దాచుకున్న సొమ్ములోంచి ఐదువేల రూపాయలు తీసి తమ్ముడి చేతిలో పెట్టి, "పిల్లల మాట తీసెయ్యకండిరా" అన్నది.

పిల్లలు ఆనందించారు, మేమూ ఆనందించాము. రాత్రి తిరుగు బండి ఎక్కాక, "అమ్మా, ఎలా ఉంది?" అని అడిగాము. "బాగుందిరా. సంచులు ఒక్కటీ పోలేదు" అన్నది.

అప్పుడుగాని మాకు తెలిసిరాలేదు. ఉదయం లోపలికి వెళ్ళినది మొదలు సాయంత్రం వరకు ఆమె ఒక బల్లమీద, పన్నెండుమంది సంచులు ముందు పెట్టుకొని కూర్చున్నది. ఎవరి సొమ్ముతో బయలుదేరామో ఆమె ఏమీ చూడలేదు. తప్పు ఆ స్థలానిది కాదు, మాదే. అయిదేళ్ళ తరువాత, 2024 ఫిబ్రవరిలో, మళ్ళీ అందరం కలిసి వెళ్ళాము. ఈ రెండు ప్రయాణాలలో మేము నేర్చుకొన్న సంగతులు, మొదటిసారి వెళ్ళాలనుకొనే కుటుంబాలకు ఉపయోగపడతాయని ఇక్కడ వ్రాస్తున్నాము.

ఎక్కడికి వెళ్ళాలి?

ఇటువంటి వినోద ఉద్యానాలు మన దేశానికి వచ్చి ఎంతోకాలం కాలేదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో వాల్ట్ డిస్నీ కట్టించిన డిస్నీల్యాండ్ 1955 జూలై 17న ప్రారంభమైంది. ఆ మొదటి రోజున దొంగ టికెట్లతో జనం విరగబడ్డారు. కుళాయి పనివారి సమ్మె మూలంగా మంచినీళ్ళకు కటకట ఏర్పడింది. ఎండకు కరిగిన కొత్త తారురోడ్డులో స్త్రీల జోళ్ళ మడమలు దిగబడ్డాయి. అంత పెద్ద సంస్థకే మొదటి రోజు అలా గడిచిందంటే, మొదటిసారి వెళ్ళే మనకు నాలుగు పొరపాట్లు జరగడం వింత కాదు. మన దేశంలో ఢిల్లీలోని అప్పూఘర్ 1984లో మొదలై 2008లో మూతపడింది.

మన ప్రాంతంవారికి అందుబాటులో ఉన్నవి ముఖ్యంగా రెండు. ఒకటి రామోజీ ఫిల్మ్ సిటీ. ఇది 1996లో ప్రారంభమైంది. రెండవది హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు దగ్గర రావిర్యాలలో 2016లో తెరిచిన వండర్‌లా. మొదటి దానిలో చూడవలసినవి ఎక్కువ: సినిమా సెట్టింగులు, తోటలు, పక్షులు, సీతాకోకచిలుకలు, ప్రదర్శనలు. దూరాలకు లోపలి బస్సులే తిప్పుతాయి. రెండవ దానిలో ఎక్కవలసినవి, తడవవలసినవి ఎక్కువ.

కాబట్టి ముందుగా అడగవలసిన ప్రశ్న "ఏది గొప్పది?" అని కాదు, "మనలో ఎవరెవరు వెళ్తున్నాము?" అని. పదమూడు, పధ్నాలుగేళ్ళ పిల్లలు మాత్రమే ఉంటే నీళ్ళ ఆటలు, పెద్ద రైడ్లు బాగుంటాయి. చంటిపిల్లలు, మోకాళ్ళ నొప్పుల పెద్దవారు ఉంటే బస్సులో కూర్చుని చూసే చోటు మేలు. మేము మొదటిసారి పిల్లలను మాత్రమే లెక్కలో పెట్టుకొన్నాము.

ఎప్పుడు వెళ్ళాలి?

మన డెల్టాలో వరి నూర్పిళ్ళయ్యాక, మినుము ఇంటికి చేరేవేళకు చేతిలో నాలుగు డబ్బులుంటాయి. ఫిబ్రవరి నెల ఎండా ఉండదు, వానా ఉండదు. సంక్రాంతి, దసరా, క్రిస్మసు సెలవుల్లో మాత్రం ఎక్కడ చూసినా జనమే; ఒక్కొక్క రైడుకు చాలాసేపు వరుసలో నిలబడాలి. మే నెల ఎండలో కాలుతున్న నేలమీద పిల్లలను నడిపించడం మంచిది కాదు. వీలైతే మంగళ, బుధవారాలు చూసుకోండి. పిల్లలకు బడిపోతుందని సంకోచమైతే మాస్టారికి ముందే చెప్పి రెండు రోజులు సెలవు పెట్టించవచ్చు. ఆదివారం ఆరాధనా పోదు, జనమూ తక్కువగా ఉంటారు.

ప్రయాణం సంగతి. రేపల్లె, కాచిగూడల మధ్య నడిచే డెల్టా బండి తెనాలి, గుంటూరుల మీదుగా వెళ్తుంది. తమ్ముడివాళ్ళు రేపల్లెలో ఎక్కారు. అక్కావాళ్ళు బాపట్ల నుంచి తెనాలి వచ్చి మాతోపాటు ఎక్కారు. వేళలు మారుతుంటాయి గనుక బయలుదేరేముందు స్టేషనులో కనుక్కోండి. ఫిల్మ్ సిటీకి వెళ్ళేవారికి మరొక మాట: అది విజయవాడ – హైదరాబాదు రహదారి మీదే, నగరం రాకముందే ఉన్నది. విజయవాడ నుంచి బస్సులో వెళ్ళేవారు నగరంలోపలికి పోయి మళ్ళీ వెనక్కి రానక్కరలేదు.

లెక్క ముందే చూసుకోండి

గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలన్న ఉపమానం మనందరికీ తెలిసిందే. విహారయాత్రకూ అంతే. మేము రెండోసారి నాలుగు కవర్లు పెట్టుకొన్నాము. ఒకటి ప్రయాణానికి, ఒకటి టికెట్లకు, ఒకటి భోజనానికి, ఒకటి పిల్లలు అడిగే చిన్న వస్తువులకు. నాలుగో కవరును పిల్లలకే పంచి ఇచ్చి, "ఇంతే, ఇక అడగవద్దు" అని చెప్పాము. ఆశ్చర్యం, తమ చేతిలో డబ్బు ఉండేసరికి వాళ్ళే బేరం చూసి, సగం మిగిల్చి తెచ్చారు. దీనికోసం అప్పు మాత్రం చేయకండి. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు వెళ్ళవచ్చు.

టికెట్లు ముందుగా కంప్యూటరులోగాని, ఫోనులోగాని తీసుకొంటే కొన్ని రోజుల్లో తగ్గింపు దొరుకుతుంది. అయితే ఆ సంస్థవారి సొంత చోటనే కొనండి. తెలియనివారు ఫోను చేసి సగం ధరకే ఇస్తామంటే నమ్మి డబ్బు పంపకండి.

గోడమీద గీత

మొదటిసారి మా రెండోవాడి ముఖం మేమింకా మరువలేదు. దారి పొడుగునా ఫలానా రైడు ఎక్కుతానని చెప్పుకొంటూ వచ్చాడు. తీరా అక్కడ నిలబెట్టిన కొలతబద్ద పక్కన నిలబడితే, వాడి తల గీతకు నాలుగు వేళ్ళ కింద ఆగింది. అన్న ఎక్కాడు, వీడు ఏడుస్తూ నిలబడ్డాడు. ఆ కొలత పెట్టింది మన పిల్లల క్షేమానికే. పొట్టిగా ఉన్న పిల్లవాడిని ఆ ఇనుప కడ్డీ సరిగా పట్టి ఉంచలేదు. బతిమాలి, వయసు చెప్పి ఎక్కించడానికి ప్రయత్నించకూడదు.

కాబట్టి ఇంటివద్దనే గోడమీద రెండు గీతలు గీయండి. ఒకటి 85 సెంటీమీటర్ల దగ్గర, అంటే సుమారు రెండడుగుల తొమ్మిదిన్నర అంగుళాలు. రెండవది 140 సెంటీమీటర్ల దగ్గర, అంటే నాలుగడుగుల ఏడంగుళాలు. వండర్‌లాలో పిల్లల టికెట్టు వయసునుబట్టి కాక ఎత్తునుబట్టి ఉంటుంది. పెద్ద రైడ్లు చాలావాటికి 140 దాటాలి. ఏ పిల్ల ఏది ఎక్కగలదో ఇంట్లోనే తెలిస్తే అక్కడ కన్నీళ్ళుండవు.

గుండె జబ్బు, రక్తపోటు, నడుము నొప్పి ఉన్నవారు, గర్భిణులు ఊపు ఎక్కువగా ఉన్నవి ఎక్కకూడదు. మొగమాటానికి, పిల్లల ముందు ధైర్యం చూపడానికి ఎక్కవద్దు. మా బావగారికి రక్తపోటు ఉన్నది. "నేను ఫోటోలు తీస్తాను" అని మర్యాదగా తప్పుకొన్నారు.

బట్టలు, నగలు, భోజనం

నీళ్ళ ఆటలకు చీర, లుంగీ, చున్నీ పనికిరావు. నూలుబట్ట తడిసి బరువెక్కి కాళ్ళకు చుట్టుకొంటుంది, జారుడుబల్లమీద చిక్కుపడుతుంది. అందుకే నైలాను వంటి బట్టతో కుట్టినవే అనుమతిస్తారు. మన స్త్రీలు దీనికి సంకోచపడనక్కరలేదు. మోచేతులు, మోకాళ్ళు దాటి కప్పే వదులైన దుస్తులు దొరుకుతాయి. తెనాలిలోనే కొనుక్కుంటే అక్కడ కొనే తొందర తప్పుతుంది. పొడి బట్టలు ఒక జత, తువ్వాలు, తడిబట్టలకు ఒక సంచి మరువకండి.

బంగారం ఇంటివద్దనే ఉంచండి. కళ్ళద్దాలకు వెనుక దారం కట్టండి. జడలు ముడివేయండి.

బయటి భోజనం సాధారణంగా లోపలికి రానివ్వరు. పులిహోర, పెరుగన్నం కట్టుకొని వెళ్ళి గేటు దగ్గర గొడవపడేకంటే, లోపలికి పోకముందే తినేయండి. కడుపునిండా తిన్న వెంటనే మాత్రం గిరగిర తిరిగేవి ఎక్కకూడదు. రోజూ వేసుకొనే మాత్రలు చేతిసంచిలో ఉండాలి.

ఏది ముందు, ఏది వెనుక

గేటు తెరిచేవేళకు అక్కడ ఉండండి. జనం మొదట కనబడిన దాని దగ్గరే ఆగిపోతారు. మీరు తిన్నగా లోపలికి నడిచి, పిల్లలు ఎక్కువ ఆశపడిన పెద్ద రైడ్లు మొదటి గంటలోనే ముగించండి. పొడిబట్టలతో ఎక్కేవి ఉదయం, నీళ్ళ ఆటలు మధ్యాహ్నం. ముందే తడిస్తే రోజంతా చలితో వణకాలి. ఫిల్మ్ సిటీలోనైతే ప్రదర్శనల వేళలు లోపలికి వెళ్ళగానే కనుక్కొని కాగితం మీద వ్రాసుకోండి. అన్నీ చూడాలని పరుగెత్తకండి. ఆరు చూసి సంతోషపడడం, పన్నెండు చూసి అలసి పోట్లాడుకోవడం కంటే మంచిది.

పిల్లలు తప్పిపోకుండా

పండ్రెండేళ్ళ యేసు గుంపులో ఉన్నాడనుకొని యోసేపు, మరియ ఒక దినప్రయాణం సాగిపోయారు. గుంపుగా వెళ్ళినప్పుడే పిల్లలు తప్పిపోతారు. ఎందుకంటే ప్రతివారూ, మరొకరు చూస్తున్నారనుకొంటారు. మాకూ అదే జరిగింది. మధ్యాహ్నం అక్క చిన్నవాడు కనబడలేదు. అక్క మాతో ఉన్నాడనుకొన్నది, మేము తమ్ముడితో ఉన్నాడనుకొన్నాము. ఇరవై నిమిషాలు మా ప్రాణాలు మా దగ్గర లేవు. చివరకు ఎక్కడ దొరికాడు? సంచుల దగ్గర, అమ్మ పక్కన కూర్చుని ఉన్నాడు. అక్క కోపంతో చెయ్యెత్తితే, "అమ్మమ్మ ఒక్కతే ఉందిగా" అన్నాడు. ఎనిమిదేళ్ళవాడికి తట్టింది మా పెద్దలకు తట్టలేదు.

అందుచేత రెండోసారి ఒక్కొక్క పిల్లను ఒక్కొక్క పెద్దకు పేరుపెట్టి అప్పగించాము. ప్రతి పిల్ల జేబులో ఫోను నంబరు వ్రాసిన చీటీ పెట్టాము. ఉదయమే అందరికీ ఒక ఫోటో తీశాము. తప్పిపోతే ఏ రంగు చొక్కానో వెంటనే చూపవచ్చు. ఒక గడియారమో, బొమ్మో గుర్తు పెట్టి, "తప్పిపోతే ఇక్కడికి రండి, గేటు బయటికి వెళ్ళకండి" అని చెప్పాము. అమ్మ చేతికి కూడా ఒక ఫోను ఇచ్చాము.

వెళ్ళేముందు ఒక ఆదివారం సాయంత్రం సూర్యలంకలో ఇదంతా అలవాటు చేశాము. బాపట్లకు తొమ్మిది కిలోమీటర్లే గదా. జంటలుగా నడవడం, పిలిస్తే రావడం, గుర్తు దగ్గర కలవడం. అయితే సముద్రం ఆటస్థలం కాదు. అక్కడ మోకాలిలోతు దాటనివ్వవద్దు.

సంచులకు కాపలా

ఇక అసలు సంగతి. సంచులు పెట్టుకోవడానికి లోపల తాళం వేసే పెట్టెలు అద్దెకు దొరుకుతాయి. మొదటిసారి ఆ అద్దె దండగనుకొన్నాము. ఆ కొద్ది రూపాయలు మిగుల్చుకొని అమ్మ రోజంతా పోగొట్టాము. పెట్టె వద్దనుకొంటే, పెద్దవారందరూ గంటకొకరు చొప్పున వంతులు వేసుకోండి. ఒక్కరినే, అందులోనూ అడగనివారిని, కూర్చోబెట్టవద్దు. పెద్దవారు "నాకెందుకులే, మీరు వెళ్ళండి" అంటారు. ఆ మాటను వెంటనే ఒప్పుకోకండి.

2024లో అందుకే ఫిల్మ్ సిటీకి వెళ్ళాము. అమ్మను బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాము. సినిమా వీధుల ఇళ్ళు ముందువైపు మాత్రమే ఉండి, వెనుక ఏమీ లేకపోవడం చూసి, "వానొస్తే వీళ్ళ గతేమిట్రా?" అన్నది. మరదలు నవ్వి, "ఇందులో ఎవరూ ఉండరత్తయ్యా" అన్నా ఆమెకు నమ్మకం కలగలేదు. పక్షుల దగ్గర అరగంట నిలబడింది. మధ్యలో అలసిపోతే ఒక గంట మేము ఆమెతోనే నీడలో కూర్చున్నాము. పిల్లలు వంతులవారీగా వచ్చి తాము చూసింది చెప్పి వెళ్ళారు. ఆ రోజు రెండు ప్రదర్శనలు మేము చూడలేదు. పిల్లలు కూడా వాటినిగూర్చి మళ్ళీ అడగలేదు.

మర్నాడు రేపల్లెలో ఇల్లు చేరగానే అమ్మ పక్కింటివారిని పిలిచింది. మేము కాళ్ళు కడుక్కొని వచ్చేసరికే, వెనుక గోడలు లేని ఇళ్ళ సంగతి అరుగుమీద మొదలైంది.