పాత కారుకు కొత్త ముక్క

కారు తలుపు చుట్టూ వేసే బీడింగులో ఉండే రబ్బరు ఖరీదు ఏపాటిది? అయినా అరవై ఏళ్ల నాటి కారుకు కొనబోతే బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. దోపిడీ అని తిట్టుకునేవాళ్లూ ఉంటారు. అసలు ఖర్చంతా రబ్బరుది కాదు, అచ్చుది.

ఒక అచ్చు చేయించడానికి 10 లక్షల రూపాయలు అయ్యాయనుకుందాం. 10 లక్షల ముక్కలు అమ్ముడుపోతే ఒక్కోదాని మీద పడేది రూపాయే. 500 మందే కొనేట్టయితే 2 వేలు! ఆ 500 అమ్ముడయ్యేసరికి ఏళ్లు గడవొచ్చు. అందాకా సరుకు గోడౌన్లో, పెట్టుబడి సరుకులో.

మరి పాత అచ్చులే దొరికితే? బ్రిటన్‌లో ఎంజీబీ కారుకు ఆ అదృష్టం పట్టింది. 1962 నుంచి 1980 దాకా 5 లక్షలకు పైగా తయారైన ఈ చిన్న స్పోర్ట్స్ కారు ప్రెస్ డైలు, అంటే రేకును వంచే అచ్చులు, చాలావరకు తుక్కు పాలు కాకుండా మిగిలాయి. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ వాటిని వెతికి పట్టుకుని, 1988 నుంచి కొత్త బాడీలు చేయడం మొదలుపెట్టింది. అంత కలిసొచ్చినా బాడీ ధర వేల పౌండ్లలోనే ఉంది. డై ఉంటే రేకు వంగుతుంది, అంతే. వంగిన రేకుల్ని జిగ్ అనే చట్రంలో బిగించి వెల్డింగ్ చేయాల్సింది మనుషులే. ఈ కాస్త అమ్మకానికి రోబోలను దింపితే గిట్టుబాటు కాదు.

పోర్షె 959 కారు కథ వేరు. అవి తయారైందే 292. పోత ఇనుముతో చేసిన దాని క్లచ్ రిలీజ్ లివర్ స్టాకు అయిపోయింది. మళ్లీ పోత పోయించకుండా కంపెనీ 3డీ ప్రింటింగ్‌ను నమ్ముకుంది. టూల్ స్టీల్ పొడిని పలచగా పరచడం, కావాల్సిన చోట లేజర్‌తో కరిగించడం, దాని మీద మళ్లీ పొడి పరచడం... ఇలా పొర మీద పొరగా లివర్ తయారైంది. దాన్ని దాదాపు 3 టన్నుల భారంతో పరీక్షించి, కారులో బిగించి నడిపి చూశారు. అచ్చు ఖర్చు తప్పింది గానీ పరీక్షల ఖర్చు తప్పలేదు.

చవక ముక్కలూ దొరుకుతాయి. కానీ బీడింగు రెండు మిల్లీమీటర్లు ఎక్కువ మందమైతే తలుపు సరిగా పడదు. మెకానిక్ గంటలకొద్దీ సర్దాలి, ఆ కూలీ అదనం. అరిగిన పాత ముక్కను చూసి అచ్చు తీస్తే ఆ అరుగుదల కూడా కొత్తదాంట్లోకి దిగుతుంది. అందుకే డ్రాయింగులు లేనిచోట జాగ్రత్తపరులు ఒక్క ముక్కతో సరిపెట్టుకోరు. నాలుగైదు సేకరించి, కొలిచి, కారుకు బిగించి చూశాకే డై తయారీకి డబ్బు కడతారు.