విమానం తోకకు రంగు వేసేవాడు ఎక్కడ నిలబడతాడు?

విమానాలు తయారయ్యేది ఎక్కడో విదేశాల్లోనే అని మనలో చాలామంది అనుకుంటాం. కానీ హైదరాబాద్ దగ్గరి ఆదిబట్లలో టాటా, బోయింగ్ కంపెనీలు కలిసి పెట్టిన ఫ్యాక్టరీలో 2018 నుండి అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. తర్వాత బోయింగ్ 737 విమానాల నిలువు తోకలు కూడా అక్కడ మొదలయ్యాయి. శంషాబాద్‌లోని జి.ఎం.ఆర్. మరమ్మతు కేంద్రంలో విమానాలకు రంగులు కూడా వేస్తారు. అందుకే ఈ పని గురించి మేము తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాం.

బోయింగ్ 737-800 నేల మీద నిలబడితే తోక కొన సుమారు 12.5 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే నాలుగంతస్తుల మేడంత. అక్కడికి నిచ్చెన వేసి ఎక్కితే సరిపోదా?

సరిపోదు. రంగు కొట్టే గన్‌ను ఉపరితలానికి సుమారు 15–20 సెంటీమీటర్ల దూరంలో, నిటారుగా పట్టుకొని, ఒకే వేగంతో జరపాలి. నిచ్చెన మీద ఒక చేత్తో పట్టుకొని పక్కకు వంగితే గన్ వంకర తిరుగుతుంది. రంగు ఒకచోట పలచబడుతుంది, ఇంకోచోట కారుతుంది. పలచనైన చోట లోహానికి రక్షణ తగ్గుతుంది. మందమైతే బరువు పెరుగుతుంది. తోక వెనుక కదిలే చుక్కానికి రంగు బరువు ఎక్కువైతే దాని తూకమే తప్పుతుంది. కాబట్టి మనిషి కాలు స్థిరంగా ఉంటేనే రంగు సరిగా పడుతుంది. ప్రాణ రక్షణ, పని నాణ్యత రెండూ ఒకటే.

అందుకే అక్కడ ప్రత్యేక వేదికలు వాడతారు. కొన్ని చక్రాల మీద జరిగేవి, కొన్ని కత్తెరలాగా పైకి లేచేవి, కొన్ని పైకప్పు నుండి వేలాడేవి. మంచి వేదికకు నడుము ఎత్తు కంచె, పనిముట్లు జారిపడకుండా అంచున పట్టీ, చక్రాలకు గట్టి బ్రేకులు ఉంటాయి. విమానం వంపుకు తగ్గట్టు ముందుకు జరిపే పలకలు ఉంటాయి, వాటి అంచుకు రబ్బరు ఉంటుంది. మనిషికీ విమానానికీ మధ్య సందు ఎంత తగ్గితే ప్రమాదం అంత తగ్గుతుంది.

ఇంకో అపాయం గాలిలో ఉంటుంది. ఈ రంగుల్లో ఉండే ఐసోసయనేట్లు ఉబ్బసం తెప్పిస్తాయి. కొన్ని ప్రైమర్లలోని క్రోమియం క్యాన్సర్ కారకం. అందుకే పైపు ద్వారా శుభ్రమైన గాలి వచ్చే మాస్కు పెట్టుకుంటారు. ఆ పైపు కాళ్ళకు చుట్టుకోకుండా వేదిక మీద ఏర్పాటు ఉండాలి. ద్రావకాల ఆవిరి అంటుకుంటుంది కనుక నిప్పురవ్వలు రాని మోటార్లే వాడాలి.

ఇది విమానాలకే పరిమితం కాదు. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుండి ఎందరో అన్నలు దుబాయి, మస్కట్‌లలో పెయింటింగ్ పనికి పోయారు. ఊళ్ళో సున్నాలు వేసేవాళ్ళూ ఉన్నారు. పరంజా ఎక్కే ముందు ఎవరైనా నాలుగు మాటలు అడగాలి: కంచె ఉందా? చక్రాలు బిగించారా? బెల్టు దేనికి తగిలించాలి? మాస్కు ఏది?

ఇలా అడగడం పిరికితనం కాదు. పనిచేసే చోటికి సురక్షితమైన దారి ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్‌లోనే రాశారు. మీరు రేపు ఐ.టి.ఐ. చదివినా, ఇంజనీరైనా, మేస్త్రీ అయినా ఈ మాట గుర్తుంచుకోండి. మీ కింద పనిచేసేవాళ్ళు అడగకముందే ఆ ఏర్పాట్లు చేయండి.