రేగడి లోతెంతో, శనగ ఒత్తంత

కోయిలకుంట్ల నల్లరేగట్లో అక్టోబరు, నవంబరు నెలల్లో శనగ వేస్తారు. ఆ తర్వాత వాన వస్తుందన్న భరోసా లేదు. పైరు కోత దాకా బతికేది నేల దాచుకున్న పదునుతోనే. అందువల్ల ఎకరాకు ఎన్ని కిలోల విత్తనమని అడిగే ముందు, ఆ ఎకరాలో రేగడి ఎంత లోతుందో చూడాలి.

ఆ లోతు చేనంతా ఒక్కతీరుగా ఉండదు. కింద సున్నపురాయి ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ పొరకు ఈ ఊరి పేరే పెట్టి ‘కోయిలకుంట్ల సున్నపురాయి’ అంటారు. పల్లంలో మీటరుకు మించి రేగడి ఉన్న చేలోనే మిట్టన అడుగు లోతుకే గడ్డపారకు రాయి తగలొచ్చు. మీటరు లోతు రేగడి పైరుకు అందే నీటిని సుమారు 150 నుంచి 200 మిల్లీమీటర్ల దాకా పట్టి ఉంచుతుంది. అడుగు లోతు నేలలో అందులో మూడో వంతు కూడా ఉండదు.

శనగకు మామూలు సిఫారసు సాళ్ల మధ్య 30, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు. అంటే చదరపు మీటరుకు 33 మొక్కలు. లోతు నేలకు ఇది తగిన లెక్కే. మిట్ట మీద అన్ని మొక్కలుంటే ఆకు పెంచుకునే దశలోనే నీరంతా తాగేస్తాయి, గింజ ఊరే వేళకు వేళ్లకు తేమ దొరకదు. అక్కడ పలచగా వేస్తే మొక్క పక్కకొమ్మలు వేసి ఖాళీని చాలావరకు పూడ్చుకుంటుంది. జేజీ 11 లాంటి రకానికి ఈ గుణం బాగా ఉంది. యంత్రపు కోత కోసం నంద్యాల పరిశోధన కేంద్రం తెచ్చిన ఎన్‌బీఈజీ 47 మాత్రం నిటారుగా పెరుగుతుంది. దాన్ని మరీ పలచన చేయకూడదు.

ఎరువు దగ్గర అలవాటు ఇంకా గట్టిది. ఎకరాకు ఒక బస్తా డీఏపీ! 50 కిలోల బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. శనగకు ఆ రెండూ చాలు. గంధకం మాత్రం అందులో లేదు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో ఉంది. పైగా సున్నం ఎక్కువున్న చోట భాస్వరం కాల్షియంతో కలిసి వేళ్లకు అందకుండా బిగుసుకుంటుంది. అక్కడ వెదజల్లడం దండగ, విత్తనం పక్కనే సాల్లో పడాలి. ఏళ్ల తరబడి డీఏపీ వేసిన పల్లంలో మట్టి పరీక్ష భాస్వరం ఎక్కువని చూపితే, మోతాదు తగ్గించుకోవచ్చు.

ఆ పరీక్ష ఎక్కడి మట్టికన్నదే అసలు చిక్కు. 2015లో మొదలైన భూసార కార్డుల పథకంలో వర్షాధార భూములకు 10 హెక్టార్లకు ఒక నమూనా చొప్పున తీశారు. అంటే దాదాపు 25 ఎకరాలకు ఒకే చీటీ. మిట్ట, పల్లం రెండూ అందులో కలిసిపోయాయి. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన లిన్స్‌లీ, బావర్ 1929లోనే, చేనును గళ్లుగా విడదీసి మట్టి పరీక్షించి, ఏ గడికి ఎంత సున్నం కావాలో పటం గీసుకోమని రైతులకు చెప్పారు. చేనును ఇలా ముక్కలుగా చూడడానికి వాళ్లకు ఉపగ్రహాలు అవసరం కాలేదు.

ఇక్కడా గడ్డపార చాలు. వాన పడి నేల మెత్తబడ్డాక నాలుగైదు చోట్ల దించి, లోతు మారే చోట పుల్లలు పాతి, మిట్ట మట్టిని, పల్లం మట్టిని వేర్వేరు సంచుల్లో పరీక్షకు పంపాలి. విత్తేటప్పుడు పుల్ల దాటగానే విత్తనం మోతాదు మార్చాలి. మిట్టన నాలుగు సాళ్లు మాత్రం పాత ఒత్తుతోనే వదిలి, కోత రోజున వాటి గింజ విడిగా తూచి రాసుకుంటే వచ్చే అక్టోబరులో ఎంత తగ్గించాలో ఆ చేనే చెబుతుంది.