తడి నేలలో ఎండిపోయే టమాటా

పొద్దున నిగనిగలాడిన టమాటా మొక్క మధ్యాహ్నానికి తల వాల్చేస్తుంది. సాయంత్రం చల్లబడ్డాక కాస్త తేరుకుంటుంది. కొద్ది రోజులు ఇలా గడిచాక ఇక లేవదు. ఆకు మీద మచ్చ కూడా ఉండదు, పచ్చగా ఉండగానే మొక్కంతా వడలిపోతుంది. మొక్క మొదట్లో మట్టి తీసి చూస్తే తడిగానే ఉంటుంది. అయినా నీళ్లు చాలలేదేమోనని రైతు ఇంకో తడి ఇస్తాడు. తెగులును పక్క మొక్కకు మోసుకెళ్లేది ఆ నీరే.

ఇది బాక్టీరియా ఎండు తెగులు. దీన్ని తెచ్చే సూక్ష్మజీవి పేరు రాల్‌స్టోనియా సొలనాసియారమ్. అమెరికా శాస్త్రవేత్త ఎర్విన్ స్మిత్ 1896లో దీన్ని వర్ణించాడు. టమాటాకే కాదు, వంగ, మిరప, బంగాళాదుంప, అల్లం పంటలకూ ఈ తెగులు వస్తుంది. వేళ్లకు నులిపురుగులు చేసిన గాయాల్లోంచి, పక్కవేళ్లు మొలిచేచోట పడే చీలికల్లోంచి ఈ బాక్టీరియా లోపలికి దూరి, నీటిని పైకి తీసుకెళ్లే దారు నాళాలకు చేరుతుంది. అక్కడ అది వదిలే జిగురే మొక్క పాలిట ముప్పు.

ఆ జిగురు ఒక పాలీశాకరైడ్, అంటే చక్కెర అణువులు గొలుసుకట్టిన పదార్థం. ఈ గొలుసులోవి నత్రజని చేరిన చక్కెరలు. నీటి అణువు భారం 18 అయితే, ఈ గొలుసు భారం పది లక్షలు దాటుతుంది. పగటిపూట మొక్కలో నీరు పైకి ఎక్కేది ఆకుల లాగుడుకే. ఆకుల్లోంచి నీరు ఆవిరవుతున్నకొద్దీ కింది నీరు సన్నని నాళాల గుండా పైకి వస్తుంది. కొబ్బరిబోండాంలో వేసిన స్ట్రాతోనే చిక్కటి గంజి తాగి చూడండి, ఎంత పీల్చినా రాదు. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు ఆకులకు ఎక్కువ నీరు కావాలి, జిగురు నిండిన నాళాలు అంత అందించలేవు. అందుకే మొదట మధ్యాహ్నం వడలి, సాయంత్రం కోలుకోవడం.

తప్పు జిగురుదేనని ఎలా తెలిసింది? 1954లో శాస్త్రవేత్త ఆర్థర్ కెల్మన్ టెట్రజోలియం అనే రసాయనం కలిపిన పోషక పదార్థం మీద ఈ బాక్టీరియాను పెంచాడు. కొన్ని గుంపులు తెల్లగా, మధ్యలో గులాబీ రంగుతో, జారిపోయేంత జిగటగా పెరిగాయి. కొన్ని చిన్నగా, ముదురు ఎరుపుగా, జిగట లేకుండా ఉన్నాయి. జిగట గుంపులు మొక్కల్ని ఎండగొట్టాయి, ఎర్రవి ఆ శక్తిని దాదాపుగా కోల్పోయాయి. ఒక్క జిగురు జన్యువుల్నే చెడగొట్టి చేసిన పరీక్షలు తర్వాత వచ్చాయి. వాటిలోనూ తెగులు తీవ్రత బాగా పడిపోయింది.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఈ బాక్టీరియా పొదుపు. మట్టిలో పలుచగా ఉన్నంతకాలం జిగురు దాదాపుగా చేయదు. దాని తయారీ చాలా ఖర్చుతో కూడిన పని మరి. ఒక్కో బాక్టీరియా ఒక రసాయన సంకేతాన్ని వదులుతుంటుంది. నాళంలో జనాభా పెరిగి మిల్లీలీటరుకు కోటి దాటితే ఆ సంకేతం చిక్కబడుతుంది. అప్పుడు అన్నీ కలిసి జిగురు మొదలుపెడతాయి.

  

పొలంలో ఈ జిగురును కళ్లారా చూడొచ్చు. వాడిన మొక్క కాండాన్ని నేలకు దగ్గరగా కోసి, ఆ ముక్కను గాజు గ్లాసులోని తేట నీటిలో కోసిన కొన మునిగేలా కదలకుండా పట్టుకోవాలి. కొద్ది నిమిషాల్లో కోసినచోటు నుంచి పాలలాంటి సన్నని తీగలు కిందికి జారతాయి. అవి జిగురూ బాక్టీరియానూ. శిలీంధ్రం వల్ల వచ్చిన ఎండు తెగులైతే ఈ తీగలు రావు. అప్పుడు చేయాల్సిన వైద్యం వేరు గనక, మందుల దుకాణానికి వెళ్లేముందే ఈ పరీక్ష చేసుకోవాలి.

తీగలు కనిపిస్తే ఆ మొక్కను బతికించే మందు లేదు. వేళ్లతో సహా పెరికి పొలం బయటికి తీసెయ్యాలి. అక్కడి నుంచి నీరు పక్క సాళ్లకు పారకుండా చూడాలి. తర్వాతి పంటగా మళ్లీ టమాటా, వంగ వేయకుండా మొక్కజొన్న లాంటిది వేస్తే మేలు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన అర్క రక్షక్ టమాటా ఈ తెగులును తట్టుకుంటుంది. వంగ వేరుమూలం మీద టమాటాను అంటుకట్టడం మరో దారి. తట్టుకునే మొక్కలకు ఆ బలం ఎక్కడిదో తేల్చే పరిశోధనలూ సాగుతున్నాయి. హవాయి 7996 అనే టమాటా రకంలో 2011లో ఒక సంగతి బయటపడింది: ఈ జిగురునే ఆనవాలుగా పట్టి ఆ మొక్క తన రక్షణల్ని మేల్కొలుపుతుంది.