క్లెప్టోమేనియా: నేరానికీ రుగ్మతకూ నడుమ

ఉపోద్ఘాతం:
చిన్న చిన్న వస్తువులను కాజేసే అలవాటును తెలుగులో ‘చేతివాటం’ అంటారు. ఈ మాట దొంగబుద్ధినీ, మానసిక రుగ్మతనూ ఒకే గాటన కడుతుంది. అక్కరలేని వస్తువును సైతం దొంగిలించాలన్న ప్రేరణను పదే పదే అణచుకోలేకపోవడమే క్లెప్టోమేనియా. 1816లో స్విస్ వైద్యుడు ఆంద్రే మాథే దీనిని ప్రత్యేక ఉన్మాదంగా పేర్కొన్నాడు. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని ప్రేరణ నియంత్రణ రుగ్మతలలో చేర్చింది.

నిర్ధారణ:
చౌర్యానికి ముందు ఉద్రిక్తత పెరుగుతుంది. ఆ క్షణంలో ఉపశమనం కలుగుతుంది. తరువాత తరచు పశ్చాత్తాపం మిగులుతుంది. లాభాపేక్ష, పగ, భ్రాంతి దీనికి కారణాలు కావు. దొంగిలించిన వస్తువును దాచిపెట్టడం, పారవేయడం, గుట్టుగా తిరిగి ఉంచడం కనిపిస్తాయి. డీఎస్ఎం-5 (2013) ప్రకారం జనాభాలో 0.3–0.6 శాతం మందిలో, దుకాణాలలో దొంగిలిస్తూ పట్టుబడినవారిలో 4–24 శాతం మందిలో ఈ రుగ్మత ఉంటుంది. అనగా పట్టుబడిన వారిలో అత్యధికులు రోగులు కారు. అయితే కలిగినవారి చౌర్యాన్ని రోగమనీ, లేనివారి చౌర్యాన్ని నేరమనీ విభజించడం శాస్త్రీయం కాదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం సముదాయాలకు సముదాయాలనే పుట్టుదొంగలుగా ముద్రవేసిన చరిత్ర మనకున్నది. నిర్ధారణకు ప్రమాణం వ్యక్తి మనఃస్థితియే గాని అంతస్తు కాదు.

చట్టం:
భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ మతిస్థిమితం లేక తన చర్య స్వభావాన్ని గాని, అది తప్పన్న సంగతిని గాని గ్రహించలేని వ్యక్తికే రక్షణనిస్తుంది. క్లెప్టోమేనియా రోగికి తప్పని తెలుసు, మానుకోవడమే సాధ్యపడదు. కనుక ఆ రక్షణ అతనికి దక్కడం కష్టం. 303వ సెక్షన్ ప్రకారం రూ. 5,000 కంటే తక్కువ విలువగల సొత్తును దొంగిలించి, తొలిసారి దోషిగా తేలినవారు దానిని తిరిగి అప్పగిస్తే సమాజ సేవయే శిక్ష. పునరావృతి ఈ రుగ్మత లక్షణం; వెసులుబాటు మాత్రం తొలిసారికే పరిమితం. చికిత్స అందనిచో రెండవసారి చెరసాల తప్పకపోవచ్చు.

చికిత్స:
ప్రవర్తనా చికిత్స ప్రేరణను ముందుగా గుర్తించి అదుపు చేసుకోవడం నేర్పుతుంది. 2009లో వెలువడిన ఒక చిన్న ప్రయోగంలో నాల్‌ట్రెక్సోన్ ఔషధం చౌర్య ప్రేరణను తగ్గించింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులు, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉత్తరాంధ్ర వాసులకు అందుబాటులో ఉన్నాయి. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ (14416) ద్వారా ఇంటినుండే సలహా పొందవచ్చు.

ముగింపు:
పరువు పోతుందని కుటుంబం సొమ్ము చెల్లించి విషయాన్ని కప్పిపుచ్చితే రోగికి వైద్యం అందదు. తొలిసారి పట్టుబడిన సందర్భమే చికిత్సకు తగిన అదను. విద్యార్థిలో ఇటువంటి ప్రవర్తన పునరావృతమైనప్పుడు అధ్యాపకుడు బహిరంగంగా నిందించక, నిపుణుని వద్దకు పంపడం సముచితం.