ఊరి నీరు – ఇంటి విలువ

కృష్ణా డెల్టా పల్లెలలో ఇంటికి విలువ తెచ్చేది నీరు. గుడివాడ చుట్టుప్రక్కల కాలువ నీరు పారే మాగాణి చెంతనున్న ఇంటికి ఉండే గిరాకీ, ఉప్పునీరు ఊరే బందరు తీరపు పల్లెలోని ఇంటికి ఉండదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచివేసినది. వేలాది జనులు మరణించారు, ఇళ్ళు నేలమట్టమైనవి, పొలాలు ఉప్పు పట్టినవి. అయినను ఉప్పు మంచినీటికి లొంగుతుంది. బ్రతికినవారు మరల ఇళ్ళు కట్టుకొన్నారు, నాట్లు వేసికొన్నారు.

కడిగినా పోని చెరుపు నేలకు సోకుతుందన్న భయం పుడితే గృహస్థుని గతి యేమి? కడప జిల్లా తుమ్మలపల్లె పరిసరాలలో ఈ ప్రశ్న నేడు ఇంటింటిదీ అయినది.

అచ్చట భారత యురేనియం సంస్థవారి గని, శుద్ధి కర్మాగారం ఉన్నవి. టన్ను ముడిరాతి నుండి లభించే యురేనియం అరకిలోకు లోపే. తక్కినదంతా రసాయనాలతో కలిసిన బురదయై ఒక చెరువులో చేరుతుంది. అణు విద్యుత్కేంద్రాలలో వాడి తీసిన ఇంధనమంత తీవ్రమైనది కాకపోయినను, ఈ బురదలో థోరియం, రేడియం వంటివి మిగిలి ఉంటవి. ఆ థోరియం సగం తరగడానికి సుమారు 75,000 సంవత్సరాలు పడుతుంది.

చెరువుకు సమీపంలోని గ్రామస్థులు బోరునీరు చెడినదనీ, అరటితోటలు దెబ్బతిన్నవనీ ఫిర్యాదు చేశారు. సంస్థవారు అంగీకరించలేదు. చెరువు అడుగున నిబంధనల మేరకు నీరింకని పొర వేయలేదంటూ 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు ఇచ్చినది.

పరీక్షలలో ఏమి తేలినా, కొనుగోలుదారు అంతవరకు ఆగడు. అనుమానమే అతనికి చాలును. పల్లెటూరి గృహస్థునకు ఇల్లే నిలువ ధనము. బిడ్డ చదువుకైనా, పెండ్లికైనా తాకట్టు పెట్టేది దానినే. కొనేవాడు లేని ఇంటిపై అప్పు పుట్టదు. విడిచిపోతే ఉన్నదీ పోతుంది. భూమిని సేకరించినప్పుడు నష్టపరిహారం హద్దుల లోపలి వారికే దక్కుతుంది. హద్దుకు ఆవల మిగిలినవాని నష్టం ఏ లెక్కలోనూ చేరదు.

కావున ఇటువంటి చెరువు త్రవ్వకమునుపే చుట్టుప్రక్కల బావుల నీటిని పరీక్షించి, ఇళ్ళ విలువను లిఖితపూర్వకంగా నమోదు చేయాలి. పరిహారపు హద్దును నీరు పారే దిక్కును బట్టి గీయాలి. అణువిద్యుత్తు వెలుగు దేశమంతటికీ అందేది. దాని ఖర్చు నాలుగు పల్లెల ఇళ్ళపై మోపడం న్యాయం కాదు.