నెట్ యాడ తెగిందో ముందు కనుక్కుందాం, ఎవర్ని తిట్టాలో తర్వాత చూద్దాం

పోయిన ఎండాకాలం ఒక మధ్యాన్నం మా చెల్లెలు కంప్యూటర్ ముందర కూర్చోని ఏడ్చింది. ఒక కంపెనీ ఉద్యోగానికి ఆన్‌లైన్ పరీక్ష. గంటసేపు రాయాల. ఇరవై నిమిషాలకు నెట్ పోయింది. వచ్చింది. మల్ల పోయింది. మూడోసారి పోయినాక పరీక్ష పేజీ మూసుకుపోయింది, ఇంక తెరుచుకోలేదు.

"నువ్వేందో నొక్కకూడనిది నొక్కింటావు" అన్నాడు నాయన. "రాత్రంతా ఫోన్లో పాటలు చూసి నెట్టు అయిపోగొట్టింటాది" అనింది జేజి. నేనేమో కేబుల్ పిల్లోనికి ఫోన్ చేసి నోటికొచ్చినట్ల తిట్టినా. తర్వాత తెలిసింది, ముగ్గురం అన్నది తప్పేనని.

మాది ఓర్వకల్లు. రాతివనాలు చూడను వచ్చేటోళ్లకు తెలిసిన ఊరు, 2021లో విమానాశ్రయం మొదలైన ఊరు. నేను ఐటిఐ ఎలక్ట్రీషియన్‌ని, శకునాల పక్క సోలార్ పార్కులో పనికి పోతా. వెయ్యి మెగావాట్ల పార్కు అది. ఆడ ఒక వరస పలకల్లో కరెంటు తగ్గిందంటే ఎవర్నీ తిట్టం. మీటర్ చేతబట్టుకోని ఒక కొస నుంచి మొదలుపెడతాం. ఈ జాయింటు దాకా బాగుండాదా? ఉండాది. తర్వాతది? అట్ల పోతా పోతా తెగిన చోటు పట్టుకుంటాం. అదే నేను ఇంట్లో నెట్ పోతే మాత్రం ముందు నోరు పారేసుకున్నా.

మా చెల్లెల్ని కర్నూల్లో హాస్టల్లో పెట్టి కోచింగ్ ఇప్పించాలని మొదట అనుకున్నాం. ఖర్చెక్కువ అన్నారు, ఆడపిల్ల దూరం ఎందుకన్నారు. "ఇంట్లోనే నెట్ పెట్టిస్తాం, ఈడే చదువుకో తల్లీ" అన్నారు. ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నాం. అంటే ఆ పిల్లకు కాలేజీ, లైబ్రరీ, కర్నూలు బస్సు, అన్నీ ఆ గూట్లో ఉండే చిన్న డబ్బానే. అది పనిచేయకుంటే మేము ఆ పిల్లకు ఇచ్చిన మాటే పోయినట్ల. మీ ఊర్లో గూడా ఇట్లాంటి ఇండ్లు ఉంటాయి. అందుకే నేను నేర్చుకున్నది రాస్తాండా.

బోరు మోటరు లెక్కే

బోరు నీళ్లు రాకుంటే ఏం చేస్తాం? ముందు కరెంటు ఉందా చూస్తాం. తర్వాత ఫ్యూజు, స్టార్టరు, మోటరు, పైపు. ఒకేసారి మోటరు పైకి తీయం కదా. నెట్ గూడా అంతే. దాంట్లో నాలుగు కీళ్లు ఉంటాయి. ఒకటి, బయటి నుంచి వచ్చే ఫైబరు తీగ. రెండు, ఇంట్లో డబ్బా, అదే రౌటర్. మూడు, డబ్బాకూ కంప్యూటర్‌కూ నడుమ ఉండే గాలి. నాలుగు, కంప్యూటర్. "నెట్ రాలేదు" అనేది ఒక్క మాటే గానీ, తెగింది ఈ నాలుగింట్లో యాడైనా కావచ్చు. యాడ తెగిందో తెలియకుండా డబ్బు పెడితే బూడిదలో పోసినట్లే.

మొదటి పరీక్షకు రూపాయి ఖర్చు లేదు. ఫోన్లో మొబైల్ డేటా ఆపేయండి. ఇది మరవొద్దు, లేకుంటే సిమ్ నెట్‌ను చూసి వైఫై బాగుందని మోసపోతారు. ఫోన్ తీసుకోని రౌటర్ పక్కనే నిలబడి ఏదైనా వీడియో పెట్టండి. ఆడ బాగా ఆడుతూ, కంప్యూటర్ దగ్గర ఆడకుంటే బయటి తీగ తప్పు లేనట్లే. రోగం ఇంట్లోనే ఉండాది. రౌటర్ పక్కన గూడా ఆడకుంటే డబ్బా మీద దీపాలు చూడండి.

డబ్బాను బట్టి దీపాలు మారతాయి గానీ, ఫైబరు డబ్బాల్లో ఎక్కువ వాటికి ఎల్ఓఎస్ అని ఒక దీపం ఉంటాది. అది ఎర్రగా వెలిగినా, ఎర్రగా కొట్టుకున్నా బయటి నుంచి వెలుతురు అందడం లేదని అర్థం. ఫైబరు తీగలో కరెంటు పోదు, వెలుతురు పోతాది. వెంట్రుక మందం గాజుపోగు అది. మన దిక్కు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదనే వేలాడుతూ వస్తాది. గడ్డి లారీ తగిలినా, కోతులు వేలాడినా తెగుతాది. ఇంట్లో తలుపు సందులో నలిగినా, ముడి మాదిరి వంచినా వెలుతురు సగంలోనే కారిపోతాది. ఆ తీగను పెద్ద చుట్టగా చుట్టాల గానీ మడవకూడదు. ఊడిన కొసను కంటికి దగ్గర పెట్టుకోని చూడొద్దు, దాంట్లో వచ్చే వెలుతురు కంటికి కనపడదు, కన్ను మాత్రం చెడతాది.

ఎర్రదీపం లేదు, అయినా ఇంటర్నెట్ దీపం వెలగలేదంటే తీగ బాగుండాది గానీ ఆ పక్క ఏదో నిలిచిపోయింది. బిల్లు కట్టినామా లేదా చూసుకోని, అప్పుడు కేబుల్ వాళ్లకు ఫోన్ చేయండి.

ఆపి వేసేది వేరు, రీసెట్ వేరు

డబ్బా ప్లగ్గు పీకి, అర నిమిషం ఆగి మల్ల పెట్టండి. రెండు మూడు నిమిషాలు గమ్మున ఉండండి. శానాసార్లు దీంతోనే సరిపోతాది. అయితే డబ్బా ఎనకాల గుండుసూది దూరేంత బెజ్జం ఉంటాది, అది రీసెట్. దాన్ని పట్టి నొక్కితే కేబుల్ వాళ్లు పెట్టిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్, సెట్టింగులు అన్నీ తుడుచుకుపోతాయి. మళ్లీ వాళ్లు వచ్చి పెట్టేదాకా డబ్బా ఉత్త డబ్బానే. మా సిన్నాయన కొడుకు యూట్యూబ్‌లో చూసి ఈ పని చేసి, రెండు రోజులు నెట్ లేకుండా కూర్చున్నాడు.

డబ్బాకు ఎండ తగిలినా, టీవీ మీద పెట్టినా వేడెక్కి తనంతట తానే ఆగి మొదలవుతాది. మన ఎండలకు గాలి ఆడే చోటు కావాల.

గాలిలో దొంగ

మా ఇంట్లో మొదటి రెండు కీళ్లు బాగుండాయి. ఫోన్ రౌటర్ పక్కన చక్కగా ఆడుతాంది. అప్పుడు మూడో కీలు చూసినా. కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొడితే డీఫాల్ట్ గేట్‌వే అని ఒక అంకె వస్తాది. మాకు 192.168.1.1. అది మన రౌటర్ ఇంటి నంబరు. ఆ నంబరుకు పింగ్ కొట్టినా. పింగ్ అంటే "ఓయ్" అని పిలిచేది, రౌటర్ "ఆ" అంటాది. చివర గీత పెట్టి టి అని చేరిస్తే ఆపేదాకా పిలుస్తానే ఉంటాది.

"ఆ" అనే జవాబు రెండు మూడు మిల్లీసెకన్లలో రావాల. మాకు ఒకటి 3, ఒకటి 5, తర్వాత 400, ఆ తర్వాత రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్. అంటే జవాబే లేదు. రౌటర్ ఉండేది ఇరవై అడుగుల దూరంలో, పడసాలలో. ఊరు దాటలేదు, వీధి దాటలేదు, ఇంట్లోనే మాట అందడం లేదు. దీనికి కేబుల్ పిల్లోడు ఏం చేస్తాడు?

మాది పాత మిద్దె. రాతిగోడ మూరెడుకు ఎక్కువే మందం. వైఫై అంటే రేడియో అలలు. ఇటుకగోడను రోంత కష్టంగా దాటుతాయి, మూరెడు రాతిగోడ దగ్గర శానా మటుకు చచ్చిపోతాయి. ఇనుము అయితే దాటనే దాటవు, తగిలి ఎనక్కి పోతాయి. నీళ్లు తాగేస్తాయి. ఇంక వైఫైలో రెండు రకాలుంటాయి. 5 గిగాహెర్ట్జ్ బిర్నా పోతాది గానీ గోడలకు ఓర్చదు. 2.4 గిగాహెర్ట్జ్ నిదానం, అయితే గోడలను మేలుగా దాటుతాది. రాతి ఇండ్లల్లో లోపలి రూముకు 2.4 నే నమ్ముకోవాల.

ఇదంతా సరే, చలికాలంలో ఇదే గోడ, ఇదే కంప్యూటర్, బాగా పనిచేసింది కదా? ఎండాకాలంలోనే, అదీ మధ్యాన్నమే ఎందుకు పోతాది? రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నా. మూడోరోజు పింగ్ నడుస్తాండగా మా అమ్మ వచ్చి కూలర్ పక్కకు జరిపింది, ఊడ్చను. స్క్రీన్ మీద అంకెలు ఒక్కసారిగా 3, 2, 3, 3 అని నిలబడిపోయినాయి. మల్ల జరిపి వాకిట్లో పెట్టింది. టైమ్డ్ ఔట్.

రాతిగోడ దాటలేని అలలు ఆ ఒక్క వాకిలిలోనుంచే లోపలికి వస్తాండె. ఎండాకాలం మధ్యాన్నం ఆ వాకిటికి అడ్డం రేకు కూలర్, దాని కడుపు నిండా నీళ్లు. పరీక్ష రోజు "పిల్ల రాసుకుంటాంది, సల్లగా ఉండనీ" అని అమ్మ పొద్దున్నే దాన్ని అడ్డం పెట్టింది. ఈ మాట ఆమెకు చెప్పను నాకు నోరు రాలేదు. చెప్పినాక ఆమె ఒక్క మాటే అనింది: "ముందే తెలిసింటే ఇసనకర్రతో ఇసురుతుంటి కదరా."

ఏం చేసినామంటే

రౌటర్‌ను గూట్లోంచి తీసి, బీరువాకు దూరంగా, వాకిలికి ఎదురుగా ఎత్తులో పెట్టినాం. కంప్యూటర్‌కు వైఫై పట్టే చిన్న యూఎస్‌బీ ముక్క సీపీయూ ఎనకాల ఉండె. అంటే ఇనప పెట్టె చాటున. ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ వైరు కొని దాన్ని టేబుల్ మీదకు తెచ్చినాం. ఊరు నడుమ ఇండ్లు దగ్గర దగ్గరగా ఉంటే పక్కోళ్ల వైఫైలు గూడా అడ్డం వస్తాయి. అట్లాంటప్పుడు 2.4 లో చానల్ 1, 6, 11 ఈ మూడింట్లో ఖాళీగా ఉండేది పెట్టుకోవాల. ఇవి ఒకదాని మీద ఒకటి పడవు.

అన్నిటికంటే మేలైంది చివర్లో చేసినాం. లాన్ వైరు తెచ్చి దర్వాజా పైనుంచి లాగి రౌటర్‌కూ కంప్యూటర్‌కూ నేరుగా కలిపినాం. అందం లేదు, జేజి బట్టలు ఆరేసే తాడనుకుంది. అయితే గోడలేదు, కూలర్ లేదు. పరీక్షా, ఇంటర్వ్యూ ఉన్నరోజు తీగ వేసే వీలుంటే గాలిని నమ్మొద్దు. ఫోన్ హాట్‌స్పాట్ గూడా పక్కన సిద్ధంగా పెట్టుకోండి. కరెంటు పోతే రౌటర్ ఆగకుండా చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి, డబ్బా అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు రాసి ఉందో చూసి కొనండి.

నాలుగో కీలు, కంప్యూటర్. పింగ్‌కు రౌటర్ బాగా పలుకుతాంది, 8.8.8.8 గూడా పలుకుతాంది, పేజీలు మాత్రం తెరుచుకోవంటే పేర్లు వెతికే డీఎన్ఎస్ తప్పు. సెట్టింగుల్లో డీఎన్ఎస్ మార్చితే పోతాది. కంప్యూటర్ నంబరు 169.254 తో మొదలైతే రౌటర్ దానికి నంబరే ఇవ్వలేదని. ఆ వైఫైని ఫర్‌గెట్ చేసి మల్ల కలపండి. ఏ సైటు తెరిచినా భద్రత లేదని అడ్డం చెప్తాంటే తేదీ చూడండి. పాత కంప్యూటర్లలో లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయి తేదీ ఏండ్ల ఎనక్కి పోయింటాది. సీఆర్ 2032 అని అడిగితే ఇస్తారు. ఇంత చిన్నదానికి కంప్యూటర్నే మార్చమని చెప్పేటోళ్లు ఉంటారు, జాగ్రత్త.

ఇదంతా చెప్పి కేబుల్ వాళ్ల తప్పు ఎప్పుడూ ఉండదని అనడంలేదు. ఉంటాది. అయితే "నెట్ రాలేదన్నా" అంటే "చూస్తాంలే" అంటారు. "రౌటర్ పక్కన గూడా రాలేదు, రెండుసార్లు ఆపి వేసినా, ఎల్ఓఎస్ ఎర్రగా ఉండాది, టైముతో ఫోటో తీసినా, కంప్లైంట్ నంబర్ ఇయ్యండి" అంటే తప్పించుకోలేరు. ఆ నంబరు మన హక్కు. దాంతోనే కంపెనీలో పై అప్పీలు అధికారి దాకా పోవచ్చు. 2012 నాటి ట్రాయ్ నిబంధనల్లో ఈ దారి ఉండాది.

కేబుల్ పిల్లోనికి నేను ఫోన్ చేసి తప్పయింది అన్నా. "ఏం కాదులేన్నా, రోజూ పది మంది తిడతారు" అన్నాడు. నలభై మూడు డిగ్రీల ఎండలో స్తంభం ఎక్కేటోడు వాడు.

మా చెల్లెలికి పోయిన పరీక్ష మల్ల పెట్టలేదు. ఎంత బతిమాలి రాసినా జవాబు రాలేదు. రెండు నెలలకు ఇంకో కంపెనీది వచ్చింది. తీగ మీద గంటా రాసింది, ఒక్కసారీ తెగలేదు. అయితే దాంట్లో ఎంపిక కాలేదు. నేను బాధపడతాంటే ఆ పిల్లే అనింది, "పోనీలేన్నా, ఈసారి పోయింది నాకు రాని లెక్కల వల్ల. అవి నేర్చుకుంటా."

అంతే కదా మనం అడిగేది. ఊరి పిల్లలు ఓడిపోతే తమ జవాబుల వల్ల ఓడిపోనీ, గోడల వల్ల కాదు.